పదకొండు ద్వారబంధాలు

ఆ వానాకాలం నేను మా అమ్మని పందొమ్మిది రోజులు తాళంలో పెట్టాను. కోపంతో కాదు, జాగ్రత్తతో. వ్యాపారం చేసేవాణ్ణి కనక ఏ పనికైనా ముందు లాభం ఇటు, నష్టం అటు పెట్టి చూసుకోవడం నాకు అలవాటు. అప్పుడూ చూసుకున్నాను. ఒకవైపు ప్రాణం, ఇంకోవైపు మెట్ల మీద నాలుగు గంటల కబుర్లు. ఎటు మొగ్గాలో తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదనుకున్నాను.

అది రెండువేల పద్నాలుగు. రాయపూర్‌లో, టాటీబంధ్ చౌరస్తా దాటాక మా అపార్ట్‌మెంటు. నాలుగంతస్తులు, అంతస్తుకి ఆరు చొప్పున ఇరవై నాలుగు ఇళ్ళు, అడుగున బళ్ళు పెట్టుకునే జాగా. నాకు చౌరస్తాలోనే హార్డ్‌వేర్ దుకాణం. తాళాలు, గొళ్ళాలు, మడత బందులు, మేకులు. మా నాన్న పలాస నుంచి రైల్వేలో ఫిట్టరుగా వచ్చి రాయపూర్‌లో ఉండిపోయాడు. నేను పుట్టింది ఇక్కడే. అయినా ఎవరైనా "మీదే ఊరు?" అంటే పలాస అనే చెప్పేవాణ్ణి. నలభై ఎనిమిదేళ్ళలో పలాసలో నేను పడుకున్న రాత్రులు రెండు నెలలకి మించవు.

నాన్న పోయాక అమ్మ ఇంట్లో ఉండడం మానేసి గుమ్మంలో ఉండడం మొదలుపెట్టింది. మాది మొదటి అంతస్తు, మెట్లకి ఎదురుగా. మా ఆవిడ మాలతి రైల్వే డీఆర్‌ఎం ఆఫీసుకి, నేను దుకాణానికి కదలగానే అమ్మ తలుపు బార్లా తీసి, పీట వేసుకుని, కత్తిపీట ముందు పెట్టుకుని కూర్చునేది. ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ ఒక్కర్నీ వదిలేది కాదు. ఆమెకి వచ్చిన హిందీ పాతిక ముక్కలు. వాటితోనే ఇరవై నాలుగు ఇళ్ళ సంగతులూ రాబట్టేది.

"తలుపేసుకుని కూకుంటే నాకు ఊపిరాడదురా" అనేది. రైల్వే క్వార్టర్లలో పగటిపూట తలుపు మూసిన పాపాన పోలేదు మరి.

ఆషాఢ అమావాస్యకి మేం ముగ్గురం తిల్దాలో మా చెల్లెలింటికి వెళ్ళి మర్నాడు సాయంత్రం వచ్చాం. మాలతి గుమ్మం ఊడుస్తుంటే చీపురు దేనికో తగులుకుంది.

"ఏవండీ, ఇక్కడ మేకు మీరు కొట్టారా?"

ద్వారబంధానికి కుడిపక్క, గడపకి బెత్తెడు పైన, ఒక మేకు. వంగి చూశాను. ఇరవై రెండేళ్ళుగా మేకులు అమ్ముతున్నవాణ్ణి. పొడుగు చూస్తే నంబరు చెబుతాను, తల చూస్తే ఏ ఫ్యాక్టరీదో చెబుతాను. దీని గురించి ఏమీ చెప్పలేకపోయాను. గుండ్రంగా లేదు, నాలుగు పలకలుగా ఉంది. తల మీద సుత్తి దెబ్బలు ఒక్కోటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఎవరో కొలిమిలో కాల్చి, ఒక్కదాన్నే, చేత్తో చేసిన మేకు. అటువంటిది ఏ బజారులోనూ దొరకదు.

అన్ని అంతస్తులూ తిరిగి చూశాను. మొదటి అంతస్తులో ఐదు, రెండో దాంట్లో నాలుగు, మూడో దాంట్లో రెండు. నాలుగులో ఒక్కటీ లేదు. మొత్తం పదకొండు. అన్నీ కుడిపక్కే, అన్నీ గడపకి బెత్తెడు పైనే.

మర్నాడు సాయంత్రం కింద మీటింగు. సెక్రటరీ రామమూర్తి గారు నేను పీకి తెచ్చిన ఒక మేకుని రుమాల్లో పెట్టి అందరికీ చూపించారు. వాళ్ళింటి తలుపుకి మాత్రం మేకు లేదు. మొదటి అంతస్తులో వదిలేసినది ఆ ఒక్క ఇల్లే.

"ఏవండోయ్ సెక్రటరీ గారూ, మీ ఇల్లొక్కటే వదిలేశాడంటే ఏంటండీ? పార్టనర్‌షిప్పేమన్నా ఉందా?" అన్నారు రెండో అంతస్తు మోషే గారు. రిటైరైన రైల్వే గార్డు, భీమవరం వైపు మనిషి. ఎంత భయంలోనూ ఆయన నోరు ఊరుకోదు.

"పరాచికాలకి టైం కాదండీ ఇది" అన్నారు రామమూర్తి గారు. ఆయన మొహం మాత్రం పాలిపోయింది.

అప్పుడు మోషే గారి భార్య దీనమ్మ గారు లేచారు. రైల్వే ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. ఊరికే మాట్లాడరు, కనక ఆవిడ మాట్లాడితే అందరం వింటాం.

"నేను విన్నానండీ. అమావాస్య రోజు పొద్దున్న జ్వరంగా ఉండి పడుకున్నా. తలుపు దగ్గర టక్ టక్ టక్ మని మూడు దెబ్బలు. తర్వాత మగ గొంతు. 'ఏ ఘర్ బంధా గే' అన్నాడు. లేచొచ్చేసరికి ఎవరూ లేరు."

"అంటే?"

"బాంధ్‌నా అంటే కట్టేయడం కాదటండీ? ఈ ఇల్లు కట్టేశాం అన్నాడు."

అంతకు వారం ముందే ఎక్కడో ముసలి దంపతుల్ని కుర్చీలకి కట్టేసి దోచుకుపోయారని అందరం పేపర్లో చదివాం. పొద్దున్న వచ్చి గుర్తు పెట్టుకుపోతారు, తర్వాత ముఠా వచ్చి కట్టేస్తుంది. ముసలివాళ్ళున్న ఇళ్ళకే మేకులు కొట్టారని ఒకరన్నారు. లెక్క చూస్తే నాలుగిళ్ళలో ముసలివాళ్ళే లేరు. బంగారం ఉన్న ఇళ్ళన్నారు ఇంకొకరు. దాంతో మేకు లేని పదమూడు ఇళ్ళవాళ్ళూ చిన్నబుచ్చుకున్నారు. మాలో ఇక్కడివాళ్ళది, ఛత్తీస్‌గఢీ వాళ్ళది ఒకటే ఇల్లు. వాళ్ళు నాట్ల కోసం సొంత ఊరికి వెళ్ళి ఆ నెలంతా రాలేదు. మిగిలిన మేమంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళం. వాచ్‌మన్‌ది బీహార్. అడగడానికి ఎవరూ లేరన్న సంగతి కూడా అప్పుడు మాకు తోచలేదు.

పోలీస్ స్టేషనుకి వెళ్తే అక్కడి కానిస్టేబుల్ మేకుని అటూ ఇటూ తిప్పి, "కీల్ హీ తో హై", మేకే కదా అని తిరిగి నా చేతిలో పెట్టాడు. ఆ కాపలా ఏదో మేమే కాసుకోవాలనుకున్నాం. కాపలా సరుకు నా దుకాణంలో ఉంది. మిగిలిన పది మేకులూ మంగళవారం పీకేశాను. పీకడం అనుకున్నంత తేలిక కాలేదు. పలకల మేకు చెక్కని పట్టుకుంటే వదలదు. ఒక్కోదానికీ నుదుటి మీద చెమట పట్టింది.

తర్వాత రెండు వారాల్లో పదిహేడు ఇళ్ళకి బయటి గ్రిల్లులు, కెమెరాలు నా చేతి మీదుగానే పడ్డాయి.

"సత్తిరాజు గారూ, దొంగోడు మీ దగ్గర జీతానికున్నాడేంటండీ?" అని మోషే గారు మెట్ల మీద అడిగారు. నవ్వాను. ఆ ముక్క అంతకు ముందే నాకూ తోచింది.

మొదటి గ్రిల్లు మా ఇంటికే, శనివారం పొద్దున్న. వెల్డింగు మనిషి బిగించి వెళ్ళాక అమ్మ వచ్చి చువ్వలు పట్టుకుని చూసింది.

"ఇదేట్రా?"

"గ్రిల్లు. దొంగలు రాకుండా."

"దొంగలు లోపలున్నారేటి, లోపలోల్లకి తాలం ఏత్తన్నావు?"

"అమ్మా, మేమిద్దరం లేనప్పుడు నువ్వొక్కదానివీ ఉంటావు. మధ్యాహ్నం భోజనానికి నేనొచ్చి తీస్తాగా."

"అయితే సెవి నాకియ్యి."

"నీకిస్తే ఎవరు పిలిచినా తీసేస్తావు."

"పిలిస్తే తియ్యడానికే కదరా తలుపు."

నా దగ్గర జవాబు ఉంది. పేపరు ముక్క ఉంది, దీనమ్మ గారు విన్న మాట ఉంది. అవన్నీ చెప్పాను. అమ్మ విన్నది. పీట తీసి, కత్తిపీట తీసి, "గ్రిల్లెనకాల కూకోడానికి నానేటి కోతినా?" అని లోపలి చెక్క తలుపు తనే వేసుకుంది. నేను బయట తాళం వేశాను. పెద్ద కప్పతాళం, లారీలకి వేసేది.

రెండు రోజులు పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టి చువ్వల మధ్యనుంచి పలకరించారు. అమ్మ తీయలేదు. తర్వాత వాళ్ళూ మానేశారు. కూరలమ్మి కేకేసి వెళ్ళిపోయేది.

ఆరో తారీఖు, బుధవారం. సాయంత్రం దుకాణం నుంచి వచ్చి తాళం తీస్తూ కిందికి చూశాను. అదే చోట, పీకిన కన్నంలోనే, మేకు. గ్రిల్లు చువ్వల మధ్యనుంచి కొట్టాడు. పైకి పరిగెత్తాను. పదకొండు తలుపులకీ తిరిగి వచ్చాయి. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

కొత్త తాళాలు, కెమెరాలు, గేటు దగ్గర రిజిస్టరు, వీటన్నిటి మధ్యనుంచి ఒక మనిషి వచ్చి, మేం తీసిన పదకొండు మేకుల్నీ తీసిన చోటే పెట్టి పోయాడు. ఒక్క వస్తువు ముట్టుకోలేదు. నాకు భయం వేసింది. దాని అడుగున ఇంకోటి కూడా ఉంది, అప్పట్లో దానికి పేరు పెట్టలేకపోయాను. అంత నిక్కచ్చి పనివాణ్ణి నేను నా జన్మలో చూడలేదు.

కెమెరా రికార్డింగు ముందేసుకుని నేనూ రామమూర్తి గారూ వారం రోజుల రాత్రుల్ని చూశాం. కుక్కలు, వాన, నిద్రపోతున్న వాచ్‌మన్. దీనమ్మ గారు విన్నది పొద్దున్నే అయినా, దొంగ రాత్రే వస్తాడని ఇద్దరికీ గట్టి నమ్మకం. పగళ్ళు చూడలేదు.

మర్నాడు మళ్ళీ పదకొండూ పీకాను. ఈసారి ఇంకా కష్టమైంది.

అమ్మ మాటలు తగ్గాయి. మొదట్లో తిట్టేది. తిట్టినన్నాళ్ళూ నాకు ధైర్యంగానే ఉంది. తర్వాత అన్నం కంచంలో సగం వదిలేయడం మొదలుపెట్టింది. "ఎవులితోటీ మాటాడని నోటికి ఆకలేటి" అంది ఒకరోజు మాలతితో. వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఎదురు గోడకేసి చూసేది. ఆ గోడ మీద ఏమీ లేదు, వాన తడి తప్ప.

ఒక ఆదివారం తిల్దా నుంచి చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, అమ్మ రమ్మంటోంది. నెలాఖరుకి వచ్చి తీసుకుపోమంది. ఇంక అక్కడుండనంటోంది. ఏమైంది?"

అమ్మ పక్క గదిలోనే ఉంది. నాతో ఒక్క ముక్క అనలేదు.

"మీ లెక్కలో అత్తయ్య ఎక్కడుందండీ?" అంది మాలతి. "అన్నీ వేశారు. ఆవిణ్ణి ఎటు వేశారు?"

"ఆవిడ కోసమే కదా ఇదంతా."

"ఆవిడ వెళ్ళిపోతోంది. మరి ఈ గ్రిల్లు లోపల ఎవర్ని దాస్తున్నారు?"

నేను లేచి దుకాణానికి వెళ్ళిపోయాను. ఆదివారం దుకాణం లేదన్న సంగతి చౌరస్తాకి వచ్చాక గుర్తొచ్చింది.

ఇరవయ్యో తారీఖు, మళ్ళీ బుధవారం. పొద్దుటినుంచీ ఒకటే వాన. బేరాలు లేవు, కనక రోజూ కంటే గంట ముందు భోజనానికి బయల్దేరాను. మెట్లు ఎక్కుతుంటే నవ్వు వినిపించింది. రెండు మెట్లు ఎక్కాకగాని అది మా అమ్మ నవ్వని పోల్చుకోలేకపోయాను. విని చాలా రోజులైంది.

మా గుమ్మానికి ఎదురుగా, పై మెట్టు మీద, ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా పంచె, తడిసిన తలపాగా, పక్కన కత్తులకి సాన పట్టే చక్రం. చేతిలో మా ఇంటి స్టీలు గ్లాసు, అందులో టీ. గ్రిల్లు లోపల, చెక్క తలుపు బార్లా తెరిచి, పీట మీద మా అమ్మ. ఆయన కాళ్ళ దగ్గర పరిచిన గుడ్డలో పది మేకులు. పదకొండోది మా ద్వారబంధానికి కొట్టేసి ఉంది.

"ఎవడ్రా నువ్వు?" అని తెలుగులోనే అరిచాను.

"అరవకు" అంది అమ్మ. "టీ తాగనీ."

"అమ్మా, ఇతనే! మేకులు ఇతనే..."

"అవును, ఇతనే. సాన పట్టే ముసలోడు. బుదారం బుదారం వొత్తాడు. నా కత్తిపీటకి ఎన్నిసార్లు పట్టినాడో. నువ్వే ఎరగవు. టక్ మని సప్పుడైతే తలుపు తీసినాను. మేకు కొడతన్నాడు. ఆగు, మావోడొత్తాడు, మావోడితో సెప్పు అన్నాను. ఆగినాడు."

"ఆగాడా?"

"గంట నుంచీ ఆగినాడు. నానేటి అడ్డమెల్లి పట్టుకున్నానా? నాకు తాలం కదా."

ఆయన గ్లాసు కింద పెట్టి లేచి రెండు చేతులూ జోడించాడు. నాకేసి, గ్రిల్లుకేసి, కప్పతాళంకేసి చూసి, చాలా మెల్లిగా అడిగాడు.

"దాయీ ల తాలా మ కాబర్ రాఖే హస్, బాబూ?"

అమ్మని తాళంలో ఎందుకు పెట్టావు బాబూ అని. పట్టుబడినవాడు అతను. ప్రశ్న అడిగిందీ అతనే.

ఆయన పేరు దుకాలూ. కరువు ఏడాది పుట్టాడు కనక ఆ పేరు పెట్టారట. కులవృత్తి కమ్మరం. ఆయన చెప్పింది అడిగి అడిగి అర్థం చేసుకున్నాను. మన ఆషాఢ అమావాస్య ఇక్కడివాళ్ళ లెక్కలో సావన్ అమావాస్య, హరేలీ పండగ. హరేలీ అంటే నాకు తెలిసింది ఒక్కటే, ఆ రోజు దుకాణానికి హమాలీలు రారు. ఆ పొద్దున్న ఊరి కమ్మరి ప్రతి ఇంటి ద్వారబంధానికీ ఒక మేకు కొడతాడు. వానాకాలపు రోగం, పీడ, చెడు ఏదీ ఆ గడప దాటకుండా ఇంటిని కట్టేస్తాడు. దాన్ని బాంధడం అంటారు. దీనమ్మ గారు విన్నది సరిగ్గానే విన్నారు. ఈ ఇల్లు కట్టేశాను అనే అన్నాడు. దొంగలు ఇల్లు కట్టేస్తారనుకున్నాం, అతను దొంగలకి అడ్డంగా కట్టాడు.

"ద్వారబందం అంటే అదేనేట్రా మరి?" అంది అమ్మ లోపలినుంచి. చిన్నప్పటి నుంచీ అంటున్న మాట. ఆ మాటలో బంధం ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

"పదకొండే ఎందుకు?" అని అడిగాను.

ఈ అపార్ట్‌మెంటు ఉన్న జాగాలో పదకొండు ఇళ్ళు ఉండేవట. ఈయన తాతల కాలంనుంచీ ఆ పదకొండు ఇళ్ళకీ మేకులు కొట్టేది వీళ్ళే. జాగా అమ్ముడైంది, ఇళ్ళు కూల్చేశారు, మనుషులు చెదిరిపోయారు, ఈయన హీరాపూర్ అవతల కొడుకు దగ్గరికి వెళ్ళాడు. భవనం లేచాక సాన చక్రం భుజాన వేసుకుని వచ్చి చూసుకున్నాడు. ఏ పాత ఇంటి మీద ఏ కొత్త ఇల్లు పడిందో అడుగులు వేసి కొలుచుకున్నాడు. ఒక ఫ్లాటు కింద రెండు పాత ఇళ్ళు పడితే రెండోదాన్ని రెండో అంతస్తుకి ఎక్కించాడు. మూడు పడితే మూడోదాన్ని మూడుకి. ఆరేళ్ళుగా ప్రతి హరేలీకీ పెందలాడే, ఎవరి తలుపూ తెరుచుకోకముందే వచ్చి కొడుతూనే ఉన్నాడు. పాత మేకుని తీసి ఆ కన్నంలోనే కొత్తది. మాకు కనబడింది ఈ ఏడాది, చీపురు తగులుకోబట్టి.

"ఆ ఇళ్ళే లేవు కదా. ఎవరికి కొడుతున్నావు?"

ఆయన వింతగా చూశాడు. "ఘర్ తో హే, బాబూ." ఇల్లు ఉంది కదా అని. మా వంటింటి వైపు వేలు చూపించాడు. పొయ్యి వెలుగుతోంది కదా అన్నట్టు.

ఇంకో ప్రశ్న మిగిలింది. అది అడగడానికే సిగ్గేసింది. "మేకులు పీకేశాం కదా. రెండుసార్లు."

"పీకారా?" అన్నాడు. ఆయన ముఖంలో కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆయనకే ఊపిరి తేలికపడినట్టయింది. ఇన్నాళ్ళూ తన మేకులోనే లోపం ఉందనుకున్నాడట. వానకి చెక్క ఉబ్బి బయటికి నెట్టేస్తోందనుకుని, రెండోసారి కొంచెం పొడుగ్గా చేశాడు. అవీ కనబడకపోయేసరికి మూడోసారి ఇంకా పొడుగ్గా.

గుడ్డలోని మేకు ఒకటి తీసి చూశాను. నిజమే. మొదటిదానికంటే అరంగుళం ఎక్కువ. పీకడం రెండోసారి ఎందుకు కష్టమైందో అప్పుడు తెలిసింది. ఇరవై రెండేళ్ళ వ్యాపారంలో సరుకు పాడైతే కొన్నవాడు అమ్మినవాడి మీదికి, అమ్మినవాడు తయారుచేసినవాడి మీదికి నెట్టడమే చూశాను. నేనూ నెట్టాను. ఎవరూ అడగని పనిలో, ఎవరో చేసిన చెరుపుని తన తప్పుగా రాసుకుని, ఇంటికి పోయి మళ్ళీ కొలిమి ముందు కూర్చున్న మనిషి నా ఎదురుగా తడి తలపాగాతో నిలబడి ఉన్నాడు. ముప్ఫై మూడు మేకులు. ఒక్కొక్కటీ చేత్తో.

"ఒక్కసారైనా చెప్పలేదేం? మేమెవరమో కూడా నీకు తెలీదు."

"కైసే నయీ జానవ్?" అన్నాడు. ఎందుకు తెలీదు? "తుమన్ మోర్ గాఁవ్ కే అవ్."

మీరు మా ఊరివాళ్ళు.

మా నాన్న ఈ నేల మీద యాభై ఏళ్ళు బతికాడు. నేను ఇక్కడే పుట్టాను. ఆ మాట మాతో ఎవరూ అనలేదు, మేమూ ఎవరితోనూ అనిపించుకోలేదు. ఆరేళ్ళ కిందటే ఒక మనిషి మమ్మల్ని ఊళ్ళో కలుపుకున్నాడు. మాకు తెలియకుండానే.

"ఏటంటన్నాడు?" అంది అమ్మ.

చెప్పాను. అమ్మ కాసేపు ఆయనకేసి చూసి, లేచి లోపలికి వెళ్ళింది. చేటలో నిండుగా బియ్యం, మీద నాలుగు గుప్పెళ్ళ కందిపప్పు, ఒక బెల్లంముక్క పెట్టుకుని వచ్చింది. ఎవరూ చెప్పకుండానే. పలాసలో వాళ్ళమ్మ ఎవరికైనా అలా పెట్టేదేమో. చేట తెచ్చి గ్రిల్లుకి ఆనించింది. అడ్డంగా తిప్పింది, నిలువుగా వంచబోయింది. బియ్యం నాలుగు గింజలు రాలాయి. చువ్వల మధ్య అంత ఖాళీ లేదు. చెయ్యి పట్టేంతే ఖాళీ ఉండాలని వెల్డింగు మనిషికి నేనే చెప్పాను.

"తాలం తియ్యరా" అంది.

తీశాను.

తర్వాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను. మర్నాడు గ్రిల్లు ఊడదీయించాను. లోపలివైపు మంచి గడియ ఒకటి, ఏడు లీవర్ల తాళం ఒకటి ఉంచి, చెవి అమ్మ చీర కొంగుకి కట్టాను. మేకుని చూసి తాళం మానేసే మనిషిని కాను నేను. అమ్మ తిల్దా వెళ్ళలేదు. మీటింగులో విషయం చెబితే దీనమ్మ గారు, "మా ప్రభువుకి కొట్టిన మేకులు మూడే తెలుసండీ నాకు, ఇంటిని కాసే మేకు ఇప్పుడే వింటున్నా" అని కళ్ళు తుడుచుకున్నారు. మేకు లేని పదమూడు ఇళ్ళవాళ్ళూ మాకెందుకు కొట్టడంటూ గొడవ పెట్టారు. అందరికంటే ఎక్కువ బాధపడింది రామమూర్తి గారు. "నేను సెక్రటరీనయ్యా" అన్నారు. దుకాలూ ఒప్పుకోలేదు. లేని ఇంటిని ఎలా కట్టమంటారు అన్నాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం ఇంకా అయిపోలేదు. పదకొండు మేకులూ కొట్టడం అయ్యాక దుకాలూ బియ్యం మూట భుజాన వేసుకుని దిగబోతుంటే అమ్మ, "మనింటి కింద ఎవులిల్లుండీదో సూడాల" అంది. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. ఆయన వెంట మెట్లు దిగింది. వెనకాల నేను. ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. వేద్దామని వెనక్కి తిరిగాను. ఎందుకో వేయలేదు.

కింద బళ్ళ జాగాలో పగటిపూట రెండు కార్లు, నాలుగు స్కూటర్లు తప్ప ఏమీ లేవు. పైనుంచి వాన చప్పుడు. దుకాలూ ఒక స్తంభం దగ్గర ఆగి, ఇది ముకుంద్ ఇల్లు అన్నాడు. రెండు గదులు, ముందు అరుగు. ఇక్కడ కోదూ వాళ్ళది, వాళ్ళకి మూడు ఎడ్లు. ఇది మీది, మీ కింద ఘాసీన్ అని ఒకావిడ ఉండేది, మొగుడు చచ్చినా ఒక్కతే నలుగురు పిల్లల్ని పెంచింది. అమ్మ అక్కడ నిలబడి పైకి, మా ఇంటి వైపుకి చూసింది. "ఒక్కతేనా?" అంది. ఆయనకి తెలుగు రాదు, అయినా తల ఊపాడు. ఇక్కడ నా కొలిమి, అన్నాడు. ఆ చోట మోషే గారి స్కూటరు ఉంది. ఆయన నడుస్తుంటే నేను గమనించాను, ఎక్కడా సూటిగా నడవడం లేదు. లేని గోడల పక్కనుంచి తిరుగుతున్నాడు, లేని వాకిళ్ళలోంచి వంగి దాటుతున్నాడు. నేను రోజూ బండి పెట్టే సిమెంటు గచ్చు మీద ఒక ఊరు ఉంది, ఆ ఊళ్ళో ఆయన దారి తప్పకుండా తిరుగుతున్నాడు.

రామమూర్తి గారి ఫ్లాటు సరిగ్గా పైన ఉన్న చోటుకి వచ్చాం. ఆయన కారు ఆఫీసుకి పోయింది. పెద్ద ఖాళీ జాగా. గేటుకి పోవాలంటే దాని మధ్యనుంచి నడిస్తే పది అడుగులు. దుకాలూ నడవలేదు. అంచు వెంట, గుండ్రంగా, చుట్టూ తిరిగి వెళ్ళాడు.

"ఇహాఁ కువాఁ రహిస్" అన్నాడు వెనక్కి తిరగకుండా. ఇక్కడ బావి ఉండేది.

అమ్మ ఒక క్షణం ఆగింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి పట్టుకుని, ఆయన వేసిన అడుగుల్లోనే అడుగులు వేస్తూ బావి చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళింది.

నేను ఇవతల నిలబడ్డాను. ఎదురుగా ఉన్నది నూనె మరకలు పడ్డ సిమెంటు గచ్చు. దాని మందం ఎంతో, కింద ఎంత కంకర పోశారో కూడా చెప్పగలను. అటు ఇద్దరూ నాకోసం ఆగి చూస్తున్నారు.

చుట్టూ తిరిగే వెళ్ళాను.